మూడు చోట్ల చదువు, ఒకే పట్టా

శ్రీమతి కుముదినీ షడంగి గారు 1989 ఆగస్టు 16న కటక్‌లోని మా విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేరారు. మార్కుల పత్రాలను చేతితో రాసే రోజుల నుంచి కంప్యూటర్ల దాకా, ప్రతి మార్పునూ ముందు తాము నేర్చుకుని తర్వాత తోటివారికి నేర్పారు. విద్యార్థి ఎక్కడ ఏం చదివినా ఆ క్రెడిట్లు అతని డిజిటల్ ఖాతాకు చేరే పద్ధతి వచ్చాక, ఆ విభాగానికి అధికారి అయ్యారు. పాఠశాల నుంచి డిప్యుటేషన్‌పై వచ్చిన నేను పని నేర్చుకున్నది వారి దగ్గరే. ఒడియాలో అక్కను పిలిచినట్టు మేమందరం వారిని అపా అనే పిలుస్తాం.

విద్యార్థి తన ఫోన్‌లో ధ్రువపత్రం తెరిచి పైకి చదివేదాకా పని పూర్తయిందని అపా ఒప్పుకునేవారు కారు.

మా తొలిబిడ్డ ఇతిశ్రీ సంబల్‌పూర్‌లో రెండేళ్లు రసాయనశాస్త్రం చదివి, చికిత్స కోసం కటక్ వచ్చేసింది. మరో విశ్వవిద్యాలయం వారి ఆన్‌లైన్ పాఠాలు ఆసుపత్రిలోనే పూర్తి చేసింది. ఇక్కడి కళాశాల చివరి సంవత్సరంలో చేర్చుకోనంది. మొదటి నుంచి చదవమంది. అంత వ్యవధి లేదని వైద్యులు అప్పటికే మాకు చెప్పారు.

అపా ఆ కళాశాలకు వెళ్లారు. వెంట నేనున్నాను.

"మా ల్యాబులో చెయ్యని ప్రయోగాలకు మేమెలా ఒప్పుకుంటామండీ?" అన్నారు అక్కడి అధికారి మిశ్రా గారు.

"సంబల్‌పూర్ వాళ్లు ఒప్పుకున్నారుగా మిశ్రా బాబూ. చదివింది పిల్ల, భవనం కాదు కదా."

"మీతో మాటల్లో పడితే నా టీ చల్లారిపోతుంది అపా."

"కంప్యూటర్‌లో ఆ ఆమోదం బటన్ నొక్కండి. వేడిది నేను తెప్పిస్తా."

ఇతిశ్రీ ఆ ఏడాది చదువు పూర్తి చేసింది. పట్టా వచ్చిన రోజున అపా ఆసుపత్రికి వచ్చి, ఫోన్ దాని చేతికిచ్చి చదవమన్నారు. మూడు సంస్థల పేర్లూ చదివి, "ఇన్ని చోట్ల తిరిగానా అత్తా?" అంది.

"తిరిగింది నువ్వు, అరిగింది మా చెప్పులు" అన్నారు అపా. అది చాలాసేపు నవ్వింది.

ఆ శ్రావణంలో ఇతిశ్రీ వెళ్లిపోయింది. పట్టభద్రురాలిగా వెళ్లింది.

తొలిబిడ్డ ఆయుష్షు కోరి చేసే ప్రథమాష్టమి ఆ తర్వాత మా ఇంట జరగలేదు. ఈ ఏడు చేద్దామంటోంది నా భార్య. అపా వారి ఇంట తొలిబిడ్డ. ఆ రోజు వారికి హారతిచ్చే తల్లి ఇప్పుడు లేరు. అందుకే అపా, పసుపు ఆకుల్లో కుడుముల్లాంటి ఎండూరి పిఠాలు ఆవిరికి పెట్టి, కొత్త చీర తెచ్చి ఉంచుతాం. మీరు వచ్చి పీట మీద కూర్చోండి. మా బిడ్డకు కోరుకున్న నూరేళ్లూ, ఆరోగ్యమూ మీకు కలగాలని మా ఇంటి దీపం ముందు కోరుకుంటాం.

— త్రిలోచన పాఢీ, ఉపాధ్యాయుడు