అసలు ఫైల్లో చేర్చని వాక్యం

నా పదవీ విరమణ సభకి అధ్యక్షులైన డైరెక్టరుగారికి, నన్ను ఓపిగ్గా భరించిన పెద్దలకి, నా కుర్చీమీద అప్పుడే కన్నేసిన మిత్రులకి నమస్కారం. (నవ్వులు) ముందు వరసలో మా ఆవిడ ఉంది, ఐదు నిమిషాలు దాటితే గొంతు సవరిస్తానని ఇంట్లోనే చెప్పింది.

ఆసుపత్రి పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే యంత్రాలు మన కంపెనీ చేస్తుంది, వాటిని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు మన విభాగం రాస్తుంది. పదకొండేళ్ళ కిందట మన అక్క, అదే, నాకంటే చిన్నదైనా అందరికీ అక్కే, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చారు. ఇది శీర్షిక, ఇది హెచ్చరిక అని గుర్తులు పెట్టి ఫైల్లో రాసుకుంటే, పుస్తకం మొత్తాన్ని వెబ్ పేజీలుగా మార్చిపెడుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో సెలవురోజుల్లో కూర్చుని రాసి ఊరికే ఇచ్చేశారు. "ఊరికేనా? అయితే ఏదో తిరకాసుంది" అన్నది నేనే! (నవ్వులు) అక్క పెట్టిన నియమం ఒక్కటే: పేజీలో దిద్దొద్దు, అసలు ఫైల్లో దిద్ది మళ్ళీ మార్చండి. మార్చినప్పుడల్లా పాత పేజీ పోయి కొత్తది వస్తుంది మరి.

ఒక శుక్రవారం, ఇంటికెళ్ళే తొందరలో, "ఆవిరి పూర్తిగా పోయాకే మూత తీయండి" అన్న వాక్యాన్ని నేను నేరుగా పేజీలో చేర్చేశాను. సోమవారం అక్క మామూలుగా ఫైళ్ళన్నీ మళ్ళీ పేజీలుగా మార్చారు. నా వాక్యం ఎగిరిపోయింది. ఆ హెచ్చరిక లేదని ఓ మెకానిక్ చూసి ఫోన్ చేశాడు కాబట్టి ఎవరి చెయ్యీ కాలలేదు. సాఫ్ట్‌వేర్ మింగేసిందన్నారు, అక్క చూసుకోలేదన్నారు. ఆవిడకి మెమో వచ్చింది, ఆవిడకి రావాల్సిన పదవి నాకొచ్చింది.

అక్క ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకి ఫిర్యాదు పంపారు. ముక్కూమొహం తెలియని ముగ్గురు నాలుగు రోజులు వెతికి, "తప్పెక్కడో మాకు దొరకలేదు, క్షమించండి" అని జవాబు రాశారు. నా పక్క సీట్లోనే కూర్చుని దాన్ని పైకి చదివారావిడ. నేను టీ తాగుతూ విన్నాను. ఛీ, ఏం మనిషిని!

గొంతు సవరించకే, ఇంకొంచెమే. పొద్దున ఆ ముగ్గురికీ నిజం రాసి పంపాను. డైరెక్టరుగారూ, ఈ కవర్లో నా సంతకంతో అంతా ఉంది, దయచేసి ఆ మెమో తీయించండి. అక్కా, క్షమించమని ఇక్కడ అడగను. ఇంతమంది ముందు అడిగితే మీరు కాదనలేరు. మీ ఇంటికొచ్చి అడుగుతాను. మొహంమీదే తలుపేసినా నేనేమీ అనుకోను.

ఇన్నాళ్ళూ నన్ను పెద్దమనిషిగా చూసిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.