మద్దిచెట్టెక్కిన నాలుగు నెమలిపిల్లలు

12 నవంబర్ 2024, మంగళవారం, ఉదయం 11.20. అటవీ రేంజ్ కార్యాలయం. సాక్షి వాంగ్మూలం.

నా పేరు కొండ్రు వనజ. వయసు 39 సంవత్సరాలు. మా ఆయన శివ చనిపోయి ఆరేళ్లయింది. ఎర్రమద్దిగూడెంలో ఉంటాను. ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను, నాటుకోళ్లు పెంచుతాను. ఎనిమిదో తరగతి వరకు చదివాను.

అడవికి కాపలా ఉండే బేస్ క్యాంప్ వాచర్ భాస్కర్ నాలుగు నెమలిపిల్లలను భద్రాచలంలో అమ్ముకున్నాడని ఫిర్యాదు వచ్చిందని ఈ వాంగ్మూలం రాసుకుంటున్న రేంజ్ ఆఫీసర్ మేడమ్ చెప్పారు. ఫిర్యాదు ఇచ్చిన జంపయ్య మా బావ, అంటే మా ఆయనకు అన్న. నాకు తెలిసింది చెబుతున్నాను.

జూలై 9, మంగళవారం, ఉదయం పది గంటలప్పుడు అడవి పక్క పత్తిచేలో కుక్కలు ఒక ఆడ నెమలిని చంపేశాయి. గడ్డిలో ఐదు గుడ్లు మిగిలాయి. భాస్కర్ వాటిని తువ్వాలలో చుట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఆయన నాకు తెలియదు. మా వాకిట్లో కోళ్లు కనపడి ఆగాడు.

"అక్కా, పొదుగుకొచ్చిన కోడి ఉందా? ఇవి ఇంకా వెచ్చగనే ఉన్నయ్" అన్నాడు.

ఉంది. నా ఎర్రకోడి నాలుగు రోజులుగా ఉత్త గంపలోనే కూర్చుంటోంది. గుడ్లు కిందకు తోస్తే రెక్క ఎత్తి లోపలికి లాక్కుంది. నెమలి గుడ్లు ఇంట్లో పెట్టుకోకూడదని నాకు తెలియదు. ఆయనకు తెలుసు. నా ముందే ఎవరికో ఫోన్ చేశాడు. "పిల్లలైనంక అడవిల వదిలెయ్" అని అవతలి నుంచి మాట వినపడింది. ఆ మాట ఎవరిదో నాకు తెలియదు.

భాస్కర్ మా ఇంటికి మొత్తం పదకొండు సార్లు వచ్చాడు. జూలై 9, 13, 20, 27, 30. ఆగస్టు 5, 11, 18. సెప్టెంబర్ 1, 15. అక్టోబర్ 20. ఇన్ని తేదీలు ఎట్లా గుర్తున్నాయని మేడమ్ అడిగారు. గుర్తున్నాయి.

వచ్చినప్పుడల్లా ఒక్కో గుడ్డును ఎండకు పట్టి చూసేవాడు. నేను కోడిని ఎత్తి పట్టుకునేదాన్ని. మొదట నన్ను అక్కా అని పిలిచాడు. మూడోసారి వచ్చినప్పటి నుంచి ఏమీ పిలవలేదు.

కోడి ఇరవై ఒక్క రోజులే పొదుగుతుంది. నెమలి గుడ్డుకు ఇంకో వారం కావాలి. జూలై 30న ఇరవై ఒకటో రోజు కోడి గంప దిగిపోయింది. నేను ఫోన్ చేశాను. పెద్ద వానలో అరగంటలో వచ్చాడు. నా పాత చీర గుడ్ల చుట్టూ కప్పి, కోడిని లోపల పెట్టి, పైన ఇంకో గంప బోర్లించాం. అది పొడుస్తుంటే ఆయన ఆ గంపను గంటసేపు రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. చొక్కా తడిసిపోయి ఉంది. మారడానికి మా ఆయన చొక్కా ఇద్దామని పెట్టె తెరిచాను. మళ్లీ మూసేశాను. కోడి కూర్చుంది. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. అన్నం, గోంగూర పెట్టాను. అరుగు మీద కూర్చుని తిన్నాడు. అది మా బావ చూశాడు.

ఆగస్టు 5న నాలుగు పిల్లలయ్యాయి. ఒక గుడ్డు మురిగిపోయింది. ఆయన చెదపుట్ట ముక్క తెచ్చి నేల మీద దులిపితే, కోడి పిలిచి పిలిచి పిల్లలకు తినడం నేర్పింది. సెప్టెంబర్‌లో పిల్లలు సాయంత్రం కాగానే ఎగిరి వేపచెట్టు ఎక్కడం మొదలుపెట్టాయి. కోడి కింద తిరుగుతూ చాలాసేపు పిలిచేది. నేనూ బయటే నిలబడేదాన్ని.

అక్టోబర్ 20, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నరకు ఆయన బండి మీద వచ్చాడు. కోడి లేకపోతే పిల్లలు కొత్తచోట నిలవవని కోడిని కూడా తీసుకుపోయాం. పిల్లల గంప ఆయన ముందు, కోడి గంప నా ఒడిలో. ఆయన బండి వెనక కూర్చుని నేను వెళ్లాను. పర్ణశాల రోడ్డు నుంచి అడవిలోకి రెండు కిలోమీటర్లు, వాగు ఒడ్డు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. పిల్లలు కోడి వెంట మేశాయి. ఆరు గంటలకు ఒకదాని వెనక ఒకటి మద్దిచెట్టు ఎక్కాయి. నాలుగూ ఎక్కాయి. నా కళ్లతో చూశాను. ఒక్కటి కూడా అమ్మలేదు. కోడి పిలుస్తుంటే పట్టి గంపలో వేసుకున్నాను.

"ఇగ నాకు ఇటు వచ్చే పనేం లేదు" అన్నాడు ఆయన.

నేను "అవ్" అన్నాను. అంతే అన్నాను.

ఊరి చివర దిగి నడిచి వచ్చాను. ఆయన మళ్లీ రాలేదు. ఇరవై మూడు రోజులయింది.

నిన్న సాయంత్రం మా బావ వచ్చాడు. "వాని బండెక్కి అడవికి పోయినవని ఆఫీసుల చెప్తవా? చెప్పినంక ఆ ఇంట్ల ఎట్ల ఉంటవో చూస్త" అన్నాడు. నేనుండే ఇల్లు మా బావ పేరు మీదే ఉంది. బట్టలు, మిషన్ మా చెల్లెలు సుజన వాళ్లింట్లో పెట్టి, పొద్దున మొదటి బస్సుకు ఇక్కడికి వచ్చాను.

భాస్కర్‌తో మీకేమైనా సంబంధం ఉందా అని మేడమ్ అడిగారు. లేదు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. నేనూ ఆయనకు ఏమీ చెప్పలేదు. అడిగి ఉంటే సరే అనేదాన్ని. ఇది కూడా రాయండి అన్నాను.

మేడమ్ పెన్ను ఆపారు. "ఇది రాస్తే ఆయన మీద ఇష్టంతో చెప్పినవంటరు వనజా. నీ సాక్ష్యానికి బలం తగ్గుతది. కొట్టేద్దామా?" అన్నారు.

"వద్దు మేడమ్. పిల్లల్ని వదిలింది నిజం, ఇదీ నిజమే. ఒకటి దాచి ఒకటెట్ల చెప్పను? ఈ కాగితం ఆయనకు చూపిస్తరా?" అని అడిగాను.

విచారణలో ఆయనకు చదివి వినిపిస్తామని మేడమ్ చెప్పారు. అయితే ఉంచండి అన్నాను.

పైన రాసినదంతా నేనే చదువుకున్నాను. నేను చెప్పినదే ఉంది, చెప్పనిది ఏదీ చేర్చలేదు. ఎవరి భయంతోనూ చెప్పలేదు. నిజమని ఒప్పుకుని నా చేత్తో సంతకం చేస్తున్నాను.

(సంతకం) కొండ్రు వనజ