భుజం బాగానే ఉంది

గోదాములో మూటలు మోసే అమ్మ ఆరోగ్యం గురించి యాజమాన్యం ఇచ్చిన ఫారాన్ని కూతురు వంటింట్లో కూర్చుని నింపుతోంది.

“కుడి భుజం ఎలా ఉందని అడిగారు. దెబ్బతింది అని రాస్తున్నానమ్మా.”

“నీ మొహం! గట్టిగా ఉందని రాయి.”

“మరి నడుము?”

“దానికేం, నిక్షేపంలా ఉంది.”

“చెయ్యి పైకి లేవడం లేదంటే పొద్దున నీ తల నేనేగా దువ్వాను! నన్ను చదివించింది ఇలా అబద్ధాలు రాయడానికా?”

“నిన్ను చదివించింది ఈ భుజమేనే. నీకు ఉద్యోగం వచ్చేదాకా ఇది బాగున్నట్టే. నిజం రాశావంటే రేపే పనిలోంచి తీసేస్తారు.”

“సరే, ఆ నీళ్ల బకెట్టు ఎత్తి గట్టు మీద పెట్టు. నువ్వు చెప్పినట్టే రాసేస్తాను.”

అమ్మ లేచి, బకెట్టు దగ్గరికి వెళ్లి ఆగింది.

“ఎడం చేత్తో ఎత్తితే ఒప్పుకోవా?”