పందొమ్మిది గుడ్లు, ఒక ఎండు మిరపకాయ

ఠాణా అధికారి గారి ఎదుట, తేదీ 11-2-2026, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలకు నేను స్వయంగా రాసి ఇస్తున్న వాంగ్మూలం.

నా పేరు బండారి స్నేహ. తండ్రి కీర్తిశేషులు మల్లయ్య. వయసు ఇరవై మూడేళ్లు. బీఎస్సీ చదివాను. గన్‌ఫౌండ్రీలో ఒక ప్రైవేటు స్కూల్లో ల్యాబ్ అసిస్టెంటుగా పని చేస్తున్నాను. నాంపల్లి రైల్వే స్టేషన్ వెనక గల్లీలో, రామచంద్రమూర్తి గారి ఇంటి డాబా మీది గదిలో, మా అమ్మ పద్మతో పదకొండేళ్లుగా కిరాయికి ఉంటున్నాను.

ఇది ఇప్పుడే, నా చేతితోనే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న రైటర్ గారు నేను చెప్పినట్టుగా రాసిన కాగితంలో "మూఢనమ్మకంతో గుడ్లపై చేతబడి గుర్తులు వేసి, తప్పు తెలుసుకుని" అని ఉంది. ఆ మాటలు నేను అనలేదు. దాని మీద నేను సంతకం పెట్టలేదు. అమ్మ వేలిముద్ర వేయలేదు. ఇంకో కారణం, ఆ గుడ్లకు ఈరోజు ఇరవయ్యో రోజు. వాటిని పొదగేసిన పెట్టె మీ ఠాణాలో కంప్యూటర్ బల్ల కింద ఉంది. దయచేసి దాని మూత తెరవకండి.

ఆ పెట్టె నేనే చేశాను. కోఠిలో మందుల షాపువాళ్లు పారేసిన థర్మాకోల్ పెట్టె అది. అందులో నలభై వాట్ల బల్బు ఒకటి, కంప్యూటర్‌ లోపలి చిన్న ఫ్యాను ఒకటి, వేడి ఎక్కువైతే బల్బును ఆపే మీట ఒకటి, థర్మామీటరు ఒకటి, నీళ్ల గిన్నె ఒకటి పెట్టాను. మూతకు అద్దం ముక్క అతికించాను. లోపల ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాలి. పోయిన సంవత్సరం ఇదే పెట్టెలో రెండుసార్లు కోడిపిల్లల్ని లేపాను. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. శేషారత్నం గారు, అంటే రామచంద్రమూర్తి గారి భార్య, ఒక పిల్లను చీర కొంగులో పెట్టుకుని ఫొటో కూడా దిగారు.

ఈసారి గుడ్లు మా పెద్దమ్మ ఊరి నుంచి తెచ్చింది. స్టీలు డబ్బాలో ఊక పోసి, ఇరవై నాలుగు నాటుకోడి గుడ్లు, ఒక్కటి కూడా పగలకుండా. జనవరి 22, గురువారం సాయంత్రం ఆరు గంటలకు పెట్టెలో పెట్టాను. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూశాను. ఐదు గుడ్లలో ఏమీ లేదు. తీసేశాను. పందొమ్మిది గుడ్లలో ఎర్రటి నరాలు కనిపించాయి. అమ్మకు చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "ఇన్నేండ్లు కోళ్లు పెంచిన గానీ లోపల గిట్ల ఉంటదని తెల్వదు బిడ్డా" అంది.

గుడ్లను రోజుకు మూడుసార్లు తిప్పాలి. లేకపోతే పిల్ల పెంకుకు అతుక్కుని చచ్చిపోతుంది. కోడి తన ముక్కుతో తిప్పుతుంది. పెట్టెకు ముక్కు లేదు కాబట్టి మేం తిప్పుతాం. పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి నేను. మధ్యాహ్నం ఒంటిగంటకు నేను స్కూల్లో ఉంటాను కాబట్టి అమ్మ.

గుర్తుల సంగతి ఇక్కడే చెబుతాను. ఏ గుడ్డు తిప్పామో, ఏది తిప్పలేదో తెలియడానికి పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. మొదట నేను ఒకవైపు "పగలు", ఒకవైపు "రాత్రి" అని రాశాను. మా అమ్మకు చదువు రాదు. ఆ మాట నాకు రాసేటప్పుడు గుర్తు లేదు. అమ్మ కూడా నాతో అనలేదు, రెండు రోజులు అంచనాతోనే తిప్పింది. తెలిశాక రాసినవి తుడిచేసి ఒకవైపు గుణకారం గుర్తు, ఒకవైపు సున్న పెట్టాను. రామచంద్రమూర్తి గారు మా మీద పిటిషన్‌తో పాటు మీకిచ్చిన ఫొటోలో చేతబడి గుర్తులని చూపించింది వీటినే. అవి మా అమ్మ కోసం నేను పెట్టిన గుర్తులు.

ఇనుప మేకు, బొగ్గు ముక్క, ఎండు మిరపకాయ మాత్రం అమ్మ పెట్టింది. వాళ్ల ఊళ్లో కోడిని పొదగేసినప్పుడు గంపలో ఈ మూడూ వేస్తారు. ఉరుములకు లోపలి పిల్ల బెదిరి చచ్చిపోకుండా అట. నిన్న ఎస్సై దుర్గేష్ గారికీ నాకూ జరిగిన మాటలు ఇవి. రైటర్ గారు వీటిని రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

"బీఎస్సీ చదివినవు కదమ్మా, గిది నమ్ముతవా?"

"నమ్మను సార్."

"మరి తీసెయ్యకపోయినవా?"

"పెట్టె నాది, గుడ్లు అమ్మవి సార్. థర్మామీటరు నేను పెట్టిన, మిరపకాయ అమ్మ పెట్టింది. ఆమె నా థర్మామీటరు తీయలే. నేను ఆమె మిరపకాయ తీయలే."

"గట్ల పెడితే చూసినోళ్లు భయపడరా?"

"మీ జీపు ముందర నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కట్టి ఉన్నయి సార్. ఇప్పుడే లెక్కపెట్టిన. అబిడ్స్‌ల ఏ దుకాణం ముందర చూసినా ఉంటయి. వాళ్లెవర్నీ ఠాణాకు పిలిచినట్టు నేను వినలే."

కానిస్టేబుల్ అనూహ్య మేడం నవ్వు ఆపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. ఎస్సై గారు నవ్వలేదు.

ఇక జరిగినది చెబుతాను. ఫిబ్రవరి 8, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు రామచంద్రమూర్తి గారు నీళ్ల ట్యాంకు చూడటానికి డాబా మీదికి వచ్చారు. నేను బట్టలు ఉతుకుతున్నాను. గదిలో అమ్మ గుడ్లు తిప్పుతోంది. తిప్పుతూ ఒకటి, రెండు అని పైకే లెక్కపెడుతుంది. పందొమ్మిది అయ్యాక, "ఇంకా జర ఓపిక పట్టున్రి" అని వాటితో అంటుంది. రోజూ అంటుంది. ఆయన కిటికీ దగ్గర నిలబడి అది విన్నారు. సెల్‌ఫోన్‌తో ఫొటో తీశారు. తర్వాత లోపలికి వచ్చి మూత మీద చేయి వేశారు. నేను పరుగెత్తి ఆయన చేయి తోశాను. పిటిషన్‌లో ఉన్న ఈ ఒక్క మాట నిజం. తోశాను. పెద్దాయన చేయి తోసినందుకు బాధగానే ఉంది. మళ్లీ ఎవరైనా ఆ మూత తెరవబోతే మళ్లీ తోస్తాను.

శేషారత్నం గారికి జనవరి 25 నుంచి జ్వరం, తగ్గుతూ మళ్లీ వస్తోంది. గుడ్లు పెట్టింది 22న. ఆయన ఈ రెండు తేదీలు కలిపారు. ఆ జ్వరంలో ఆమెకు రోజూ జావ కాచి ఇచ్చింది మా అమ్మే. ఆ తేదీలను కూడా కలిపి చూడమని కోరుతున్నాను.

9వ తేదీ పొద్దున ఫొటో మా గల్లీవాళ్ల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. అమ్మ నాలుగిళ్లలో గిన్నెలు తోముతుంది. ఒకటి రామచంద్రమూర్తి గారిది, మూడు అబిడ్స్ వైపువి. ఆ సాయంత్రానికి రెండు ఇళ్లవాళ్లు రావద్దన్నారు. ఈ పొద్దున మూడో ఇంటావిడ తలుపు పూర్తిగా తెరవకుండానే, "మా అత్తమ్మ వద్దంటుంది పద్మా, ఏమనుకోకు" అంది. అమ్మ చెప్పులు వేసుకుని వచ్చేసింది. ఆ చేతబడి అనే మాట పోలీసు కాగితంలో ఉండిపోతే, దాని కింద మా సంతకాలు కూడా ఉంటే, ఇక ఈ పట్నంలో మా అమ్మను ఏ వంటింట్లోకీ రానివ్వరు. నేను అడ్డం పడుతున్నది ఈ ఒక్కదానికే.

10వ తేదీ, మంగళవారం పదకొండు గంటల పది నిమిషాలకు మీ వాళ్లు పెట్టె తీగ పీకి ఠాణాకు తెచ్చారు. ఆటోలో నా ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మ తన స్వెటర్ విప్పి దాని మీద కప్పింది. పదకొండూ యాభైకి అనూహ్య మేడం కంప్యూటర్ పక్కన ప్లగ్గు ఇచ్చారు. అప్పటికి లోపల ముప్పై మూడు డిగ్రీలు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో లోపల ఏం జరిగిందో ఇప్పుడే తెలియదు.

ఎస్సై గారి బల్ల ముందు రామచంద్రమూర్తి గారు నాతో నెమ్మదిగానే మాట్లాడారు.

"నాకు మీమీద కక్షేం లేదమ్మాయ్. మా ఆవిడ భయపడుతోంది, అంతే. తప్పయిపోయింది, ఇంకెప్పుడూ ఇలాంటివి చెయ్యనని ఒక్క ముక్క రాసిచ్చెయ్యి. పెట్టె పట్టుకెళ్లిపో."

"చేయనిది చేసినట్టు రాయను అంకుల్."

"కాగితమే కదమ్మా. ఎవరు చూస్తారు?"

"నేను చదువుకున్నదే కాగితాలు చూడటానికి."

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మ ముందుకు వచ్చింది. "సార్, నాకు బాణామతే వస్తే పదకొండేండ్లు మీ గిన్నెలు ఎందుకు తోముత? అవే లేచి తోముకునేటట్టు చేస్తుంటి కదా" అంది.

ఎస్సై గారు ఇద్దరినీ కూర్చోమన్నారు. సంతకం పెడితే పెట్టె ఇప్పుడే ఇస్తామని, లేకపోతే విచారణ అయ్యేదాకా ఇక్కడే ఉంటుందని చెప్పారు. నేను పెట్టె వైపు చూశాను. పందొమ్మిదో రోజు అది. ఇంటికి తీసుకెళ్తే నీళ్ల గిన్నె నింపవచ్చు, వేడి చూసుకోవచ్చు. పెన్ను చేతిలోకి తీసుకున్నాను. ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"పెట్టకు. గుడ్లు మళ్ల పొదగేసుకుందం."

నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను.

ఈరోజు మధ్యాహ్నం రెండున్నరకు అనూహ్య మేడం ఈ బల్ల దగ్గరికి వచ్చి, "ఏందమ్మా, పెట్టెల నుంచి ఏదో సప్పుడొస్తుంది, తీసి చూడాల్నా?" అని అడిగారు. వద్దన్నాను. అద్దంలోంచి చూశాను. నీళ్ల గిన్నె పక్కన ఉన్న గుడ్డుకు, సున్న గుర్తుకు వేలెడు దూరంలో, పగులు ఉంది. లోపలి నుంచి పిల్ల అరుస్తోంది. మూత తెరిస్తే తడి ఆరిపోయి పెంకు లోపలి పొర పిల్లకు బిగుసుకుంటుంది. సాయం చేయబోయినా చచ్చిపోతుంది. దాని పని అదే చేసుకోవాలి. అందుకే మళ్లీ రాస్తున్నాను. ఎవరూ మూత తెరవకండి.

నేను కోరేది ఇది. పెట్టెలో చేతబడికి సంబంధించినది ఏదీ దొరకలేదని మీరు సంతకం, ఠాణా ముద్ర వేసి కాగితం ఇవ్వాలి. నిన్న రైటర్ గారు రాసినదాన్ని రద్దు చేసి దీన్ని జత చేయాలి. పెట్టెను, అందులో ఉన్నవాటిని, మేకూ బొగ్గూ మిరపకాయతో సహా తిరిగి ఇవ్వాలి. చేయి తోసినందుకు కేసు పెట్టదలిస్తే పెట్టండి, దానికి వస్తాను. మిగతాదానికి క్షమాపణ చెప్పను. ఈ గుడ్లు పిల్లలయ్యాక ఇంకో ఇరవై నాలుగు పెడతాను. అదే గుర్తులు వేస్తాను.

పైన రాసినది నేను చూసినదీ, చేసినదీ, నా చెవులతో విన్నదీ. ఇందులో ఒకరు చెప్పి రాయించినది లేదు, భయపడి వదిలేసినదీ లేదు. మా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి గిన్నెల మాట దగ్గర ఆపి, "గది గట్లనే ఉంచు" అంది. విన్న తర్వాతే వేలిముద్ర వేసింది.

జవాబు 13-2-2026, శుక్రవారం సాయంత్రం ఆరు గంటల లోగా రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ గడువు నేను పెట్టినది కాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొనతో రెండు రోజులు బతుకుతుంది. ఆ తర్వాత దానికి నీళ్లు, నూకలు కావాలి. అవి తీసుకుని ఆ సమయానికి నేనూ అమ్మా ఠాణా గేటు దగ్గర ఉంటాం.

(సంతకం) బండారి స్నేహ

(ఎడమ బొటనవేలి ముద్ర) బండారి పద్మ, చదివి వినిపించిన తర్వాత వేసినది