మొదటిసారి వద్దన్నందుకు

తల్లి చారు కోసం సోయా మొలకల తోకలు తుంచుతోంది. బడిలో ఇంగ్లీషు చెప్పే కూతురు ఎదురుగా కూర్చుని ఉంది.

"టీచర్ల శిక్షణలో ఏ కోర్సుకి పేరిచ్చావు?"

"ఆన్‌లైన్‌ దానికి."

"నువ్వు కోరుకుంది బుసాన్‌ నగరంలో జరిగేది కదే? పిల్లల ముందు నిలబెట్టి నేర్పిస్తారన్నావు."

"దానికి బడికొక్కరినే పంపుతారు. ప్రిన్సిపల్ గారు నన్నే వెళ్లమన్నారు. నాకంత అర్హత లేదండీ అన్నాను."

"మొదటిసారి ఎవరైనా అలాగే అంటారుగా. మళ్లీ అడగలేదా?"

"లేదు. కొత్తగా చేరిన టీచరు వెంటనే వెళ్తానంది."

"ఇప్పుడైనా ప్రిన్సిపల్ గారికి వెళ్లాలనుందని నిజం చెప్పు."

"ఆమె నుంచి లాక్కున్నట్టుంటుంది. కానీ క్లాసులో ఇంగ్లీషు మాట్లాడ్డానికి నాకింకా నోరు పెగలడం లేదమ్మా."

"మొదట వద్దనమని నేర్పింది నేనే."

కూతురు లేచింది.

"చారు కాసేపట్లో తయారవుతుంది, తాగి వెళ్లు."

"వద్దమ్మా."

తల్లి రెండోసారి అడిగేలోపే కూతురు బూట్లు తొడుక్కుని వెళ్లిపోయింది.