స్పాంజి జిడ్డు

"ఈ చేపలు గూడా సచ్చిపోతాయేమో పాపా, నీళ్ల పైపైనే తిరుగుతుండాయి," అంది తల్లి, కూతురు కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే.

"ఎందుకు సస్తాయి? నెలంతా చేపల్లేకుండా తొట్టి నీళ్లలో రోజూ చిటికెడు మేత మాత్రం వేసి తిప్పి, నిన్ననేగా చేపల్ని వదిలినా! అవునూ, ఫిల్టర్లో స్పాంజి ఇంత తెల్లగా ఉండాదేం?"

"శుక్రవారం గదా, ఇల్లంతా కడిగినా. దాన్నీ కొళాయి కింద పెట్టి జిడ్డు పోయేదాకా పిండినా."

"ఆ జిడ్డే గదమ్మా చేపల్ని కాపాడేది! వాటి మలంలోని విషాన్ని తినే సూక్ష్మజీవులు దాంట్లోనే పెరిగేది. కొళాయి నీళ్లలో క్లోరినుకు అన్నీ సచ్చుంటాయి!"

"నీళ్లు తేటగానే ఉండాయి గదే?"

"విషం కంటికి కనపడతాదా? నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"పోయినసారి చేపలు సచ్చినప్పుడు నువ్వు రెండు దినాలు అన్నం ముట్టలేదు. మళ్లా అట్టయితాదనే భయంతోనే కడిగినా. నన్ను తిట్టు, అన్నం మీద అలగబాక. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

 కూతురు తొట్టి ముందు కూర్చొని, నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్న చేపల్ని చూసింది.  

"పక్కింటి రేవతక్క చేపల తొట్టి పాతది, దాని స్పాంజి జిడ్డులో ఆ సూక్ష్మజీవులు నిండా ఉంటాయి. తడిగానే ఒక ముక్క అడుక్కొని రా. కడిగి మాత్రం తేబాకమ్మా, నీకు దండం పెడతా."