చెప్పుల చింత

చెప్పుల చింత కాడికి మిట్టమధ్యాహ్నం పోబాకండని మీ ఇళ్ళల్లో చెప్పే ఉంటారు, ఎందుకు పోకూడదో మాత్రం చెప్పి ఉండరు, వాళ్ళకి తెలిస్తే కదా. తెలిసినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలినా. ఇట్ట దగ్గిరికి జరగండి పిలకాయలూ. ఒమే పెంచలమ్మా, నువ్వు ముందు ఆ సెల్లు కొంగున కట్టుకో, లేకపోతే నేను నోరు విప్పను.

ఆ చింతమానుకి అవతల గట్టి మట్టి కనబడతా ఉందే, పచ్చిగడ్డి కూడా మొలవదే, అక్కడ మైకాగుంత ఉండేది. గవర్నమెంటోళ్ళు దాన్ని మూసేసినామని బోర్డు పెట్టి అప్పటికే ఏళ్ళయింది, అయినా లోపల మైకా ఉందని ఊరందరికీ తెలుసు, గుంత నడిపించే ఆసామికీ తెలుసు. ఆసామి పేరు నేను చెప్పను. ఆయన ఒక్కనాడూ గుంత కాడికి వచ్చిన పాపాన పోలేదు, దిగేదంతా మనోళ్ళు, గోడకి తొలిచిన గుంటల్లో కాలు పెట్టుకుంటా, నూరడుగుల లోతుకి. నేను అప్పుడు చింతమాను కింద కూర్చోని మైకా రేకులు చీల్చేదాన్ని. ఈ వేళ్ళు చూడండి, ఈ గాట్లన్నీ ఆ కత్తివే.

గుంతలోకి ఎవురూ చెప్పులతో దిగరు. అది అమ్మోరి కడుపని మా నమ్మకం. కడుపులోకి చెప్పులేసుకోని పోతారా? అందుకని చింతమాను మొదట్లో వరసగా విడిచి, దణ్ణం పెట్టుకోని దిగేవాళ్ళు. చెప్పులు మానుకింద ఉంటే మనిషి లోపల ఉన్నట్టు, లేకపోతే ఇల్లు చేరినట్టు. దొంగ గనికి హాజరేసే మస్టరు యాడుంటుంది, మాకు అదే మస్టరు.

అట్టా జరుగుతా ఉండంగా స్టేషనుకి మాలకొండయ్య అని కొత్త హెడ్డు కానిస్టేబులు వచ్చినాడు. మనిషి నికార్సు, అది మాత్రం ఒప్పుకోవాలి. అంతకుముందు ఏందంటే, జీపు స్టేషను గేటు దాటకముందే ఇక్కడికి కబురొచ్చేది, పోలీసోళ్ళు వచ్చేసరికి పిట్ట కూడా ఉండేది కాదు. కబురు చెప్పేవాళ్ళు స్టేషన్లోనే ఉంటే బయటోళ్ళతో పనేముంది? మాలకొండయ్యకి అది తెలిసి కడుపు రగిలిపొయ్యేది. ఒకసారి ఆయన మైకా ట్రాక్టరు పట్టుకుంటే, అది ఎరువు తోలే ట్రాక్టరని పైనుంచి ఫోనొచ్చి సాయంత్రానికే వదిలేసినారు, ఆ రోజు ఆయన ఇంటికి పోయి అన్నం ముట్టలేదని ఆయన పెళ్ళామే నాతో చెప్పింది.

ఆ తర్వాత ఆయన ఎవురికీ చెప్పకుండా, లుంగీ కట్టుకోని సైకిలేసుకోని వచ్చినాడు. మేం ఆడోళ్ళం బుట్టలు పారేసి తుమ్మల్లో దూరినాం. ఆయన మమ్మల్ని తరమలేదు, నింపాదిగా చెప్పుల కాడ కూర్చోని లెక్కపెట్టుకున్నాడు, తొమ్మిది జతలు. తొమ్మిది మందినీ ఒక్కొక్కరే పైకి రాంగానే పట్టుకున్నాడు. మూడోనాడు వాళ్ళకి బెయిలొచ్చింది, నాలుగోనాడు మళ్ళీ గుంతలోనే ఉన్నారు, ఆసామి పేరు ఏ కాగితం మీదకీ ఎక్కలేదు. కానీ చెప్పులు పైన పెడితే దొరికిపోతామని మనోళ్ళకి తెలిసొచ్చింది. చెప్పులు మొలకి కట్టుకోని దిగండిరా, అమ్మోరు ఏమనుకోదులే అని చెప్పింది ఎవురనుకున్నారు? ఈ నోరే.

ఆ నెలలోనే గుంత పూడ్చేయమని ఆర్డరొచ్చింది. నేను కూతురి కాన్పుకని గూడూరు పోయినా, ఊళ్ళో లేను. మాలకొండయ్య జేసీబీ పెట్టించి, పని మొదలుపెట్టే ముందు తానే చింతమాను కాడికి పోయి మొదట్లో చూసుకున్నాడు. ఒక్క చెప్పు లేదు. అయినా గుంత అంచున నిలబడి మూడుసార్లు విజిలేసి, ఎవురన్నా ఉంటే పైకి రండయ్యా అని గట్టిగా అరిచినాడంట. పోలీసు విజిలు వింటే పైకొస్తారా, ఇంకా లోపలికి దూరతారా, మీరే చెప్పండి. లోపల మనుషులెవరూ లేరని కాగితం రాసి సంతకం పెట్టి, మట్టి తోయించేసినాడు.

మూడోనాడు చెంచమ్మ స్టేషనుకి పోయి, మొగుడు సుబ్బరాయుడూ, మరుదులిద్దరూ ఇంటికి రాలేదనింది. మాలకొండయ్య ఆమెని ఒకటే అడిగినాడంట, వాళ్ళు చెప్పులు యాడ పెట్టినారని. మొలకి కట్టుకోని పోయినారు సారూ అనింది. ఆయన వెంటనే గుంత తవ్వించాలని పైవాళ్ళ కాడికి పరిగెత్తితే, మూసేసిన గనిలో మనుషులేందయ్యా, లేరని సంతకం పెట్టింది నువ్వే కదా, తవ్వితే ముందు జైలుకి పోయేది నువ్వే అన్నారు. ఆయనకి ఇద్దరు ఆడబిడ్డలు. తిరిగొచ్చి, వాళ్ళు యాడికో వలసపోయి ఉంటారమ్మా అని చెంచమ్మకి చెప్పినాడు. నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, మళ్ళీ నాకేం నోరుందిలే అనిపిస్తుంది.

మర్నాడు ఎండ నడినెత్తిన ఉండంగా ఆయన అటు పోతే, చింతమాను మొదట్లో మూడు జతల చెప్పులున్నాయి. వాటికి తడి ఎర్రమట్టి, దాంట్లో మైకా తళుక్కుమంటా ఉంది, మొనలన్నీ గుంత వైపుకే తిరిగి ఉన్నాయి. ఆయన వాటిని తీసుకుపోయి స్టేషన్లో బీరువాలో పెట్టి తాళమేసినాడు, మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ మాను కిందే ఉన్నాయి. అప్పుటినుంచి దినామూ పొయ్యేవాడు. మట్టికి చెవి ఆనించి, గడ్డపార దెబ్బలు వినబడతా ఉన్నాయి, ఇంకా తవ్వుకుంటానే ఉన్నారు అనేవాడు. కానిస్టేబుళ్ళకి ఏమీ వినబడలేదు. ఆయన పాదాలకి మైకాపొడి అంటుకోని ఎంత తోమినా వదల్లేదని పెళ్ళాం ఏడ్చింది.

ఒకనాడు పోయినోడు మళ్ళీ రాలేదు. మూడు జతల పక్కన ఆయన బూట్లున్నాయి, పాలిషు చేసి, మొనలు గుంత వైపుకి పెట్టి. మట్టి మీద ఒక్క గీత లేదు, గడ్డపార తగిలిన గుర్తు లేదు. బూటులో మడిచిన కాగితం ఒకటి ఉంటే, వెతకబోయిన కానిస్టేబుళ్ళు తీసి చదివినారు. లోపల మనుషులున్నారు, నలుగురు అని రాసి, కింద సంతకం పెట్టి ఉన్నాడు. ఆ కాగితాన్ని పైవాళ్ళు అక్కడే కాల్చేసినారు. బూట్లు తీసుకుపోతే మర్నాటికి వాటి తావులోకి అవే వచ్చినాయి.

ఇప్పుటికీ ఉంటాయి. నేను దూరంనుంచి చూసినా, దగ్గిరికి పోలేదు, చెప్పులు కట్టుకోని దిగమనింది ఎవురో వాళ్ళకి తెలుసు. మీరూ పోబాకండి. మైకా మెరిసిందని వంగబాకండి. వంగినా లెక్కపెట్టబాకండి. ఖర్మకాలి లెక్కపెట్టినారే అనుకోండి, అయిదో జత కనబడితే అది ఎవురిదా అని చుట్టూ చూడబాకండి, ముందు మీ కాళ్ళు చూసుకోండి.